గోడమీది గుమ్మడి టమాట

జూన్ 6

యమున మాట్లాడింది! నా బిడ్డ నాతో మాట్లాడింది!

ముందు ఆ మాట రాసేశాను. మిగతాది నిదానంగా రాస్తాను. ఏడో తరగతి దాటని చెయ్యి. ఎరువుల దుకాణం వాళ్ళిచ్చిన ఈ డైరీలో ఇన్నాళ్ళూ మోటారు ఎప్పుడు కాలింది, బర్రె ఎప్పుడు ఈనింది అని తప్ప ఏమీ రాయలేదు. ఈ రోజు రాయకుండా ఉండలేను. ఇంత సంతోషం ఎవరికి చెప్పుకోను? మా ఇంటిది ఈదమ్మ ఉంటే ఆమెకు చెప్పేవాణ్ణి. ఈదమ్మ పోయి రెండేళ్ళు దాటింది.

పొద్దున్నే మా కోడలు దీప ఫోను తెచ్చి నా చెవికి ఆనించింది. "మాట్లాడు మామా" అంది. ఎవరే అంటే చెప్పదు. అవతల ఊపిరి వినపడింది. ఒక్క ఊపిరికే గుర్తుపట్టాను.

ఆరేళ్ళు. ఆరేళ్ళు! ఎన్నో మాటలు దాచుకున్నాననుకున్నాను, ఒక్కటీ నోటికి రాలేదు. "తిన్నవా బిడ్డా?" అన్నాను.

"బాపూ, పొద్దుగాల ఆరున్నర గూడ కాలే. గిప్పుడేం తింటరు?" అంది. నవ్వింది. ఆ నవ్వు అట్లాగే ఉంది, ఏమీ మారలేదు.

నాకు ఇంక ఆగలేదు. "కార్తీకంల రా బిడ్డా, ఒడిబియ్యం పోస్త" అన్నాను. పెళ్ళయిన మూడో ఏడు పోయలేదు, ఐదో ఏడు పోయలేదు. ఇది ఏడో ఏడు. పుట్టింటి బియ్యం ఒక్కసారి కూడా ఒడిలో పడని ఆడబిడ్డ మా వంశంలో లేదు. "మీ అమ్మ గుమ్మడి టమాట పెడ్త. ఆ టమాటతోనే తొక్కు నూరిపిస్త, మీ అమ్మ చేసిన తీరే" అన్నాను.

"అమ్మ టమాటనా? గింజలు యాడియి బాపూ?"

"గోడ మీద లేవా? మీ అమ్మ అంటించినయి."

"గోడ మీదియా..." అంది. తర్వాత చాలాసేపు మాటలేదు. ఏడ్చిందనుకుంటాను. సంతోషానికే అయ్యుంటుంది. సరే బాపూ, వస్త అంది.

వస్త అంది! అతను కూడా వస్తాడా అని అడగలేదు. వస్తే రానీ.

జూన్ 8

మిరుగం, మృగశిర కార్తె. విత్తనం వేయడానికి ఇంతకంటే మంచి రోజు లేదు.

ఈదమ్మ పద్ధతి ఇది. బాగా మాగిన పండు పిండి, గుజ్జును పొయ్యి బూడిదలో కలిపి, వంటింటి వెనక గోడకు చూరు కింద బిళ్ళలు బిళ్ళలుగా కొట్టేది. తడి ఆరకముందే ఒక్కో బిళ్ళ నడుమ బొటనవేలు అదిమేది. ఆ గుంట ఉంటేనే బిళ్ళ గోడను పట్టుకుంటుందనేది. ఆ టమాటకు వేరే పేరేముందో తెలియదు. అడుగు చదునుగా, చుట్టూ పాయలు పాయలుగా చిన్న గుమ్మడికాయలా ఉండేది, మేం గుమ్మడి టమాట అనుకునేవాళ్ళం. పులుపు! ఒక్క కాయ వేస్తే చారుకు చింతపండు అక్కర్లేదు. ఆమె తల్లిగారింటి విత్తనం, పెళ్ళప్పుడు కొంగున ముడివేసుకొచ్చింది. ఆమె పోయాక నేను పెరడువైపే చూడలేదు.

గోడమీద తొమ్మిది బిళ్ళలున్నాయి. ఒక గుంటలో నా బొటనవేలు పెట్టి చూశాను. పట్టలేదు. అంత చిన్న వేలా ఆమెది? నలభై ఏళ్ళు పక్కన ఉండి చూసుకోలేదు.

ఎనిమిది గీకి నారుమడిలో చల్లాను. ఒకటి ఉంచాను.

నా కొడుకు సాయినాథ్ కంపెనీకి బయలుదేరుతూ చూశాడు. "ఎందుకు బాపూ గింత కష్టం? మేడ్చల్ నర్సరీల మంచి నారు దొరుకుతది" అన్నాడు.

"నర్సరీల మీ అమ్మ దొరుకుతదారా?" అన్నాను. వాడు బండి దిగి వచ్చి, మడికి రెండు బకెట్లు నీళ్ళు పోసి వెళ్ళాడు.

జూన్ 15

మొలిచాయి! మొలిచాయి! మొలిచాయి!

జూలై 9

నలభై మొక్కలు నాటాను. నడుము పట్టేసింది, అయినా ఎంత హాయిగా ఉందో. ఆకు నలిపితే అదే వాసన, వేళ్ళకు అదే పసుపుపచ్చ. దీప కంచె పక్కన నిలబడి నవ్వింది. "మామా, మొక్కలతోని ముచ్చట వెడుతున్నవా?" అంది. పెడుతున్నాను, తప్పేముంది?

కంచె అవతల వెంచర్ వాళ్ళు హద్దురాళ్ళు పాతారు. ఈసారి మా రావల్కోల్‌లో నారు పోసేవాళ్ళకంటే రాళ్ళు పాతేవాళ్ళే ఎక్కువ. పోనీ. నా పెరడు నాకుంది.

పని చేస్తుంటే ఊరికే పాత సంగతులు గుర్తొచ్చాయి. యమున ధర్మం తప్పిందని నేనెప్పుడూ అనలేదు. ఆ పిల్లవాడు వేరే కులం, ఇష్టపడి చేసుకుంది. మా వాళ్ళంతా గడప తొక్కనివ్వొద్దన్నారు. నేనొక్కణ్ణి ఏం చేస్తాను? ఈదమ్మ పోయినరోజు కూడా గేటు దగ్గర నిలబడి వెళ్ళిపోయిందట. నేను చూడలేదు. చూస్తే లోపలికి రమ్మననా?

ఆగస్టు 20

పూత! చెట్టుచెట్టుకూ పూత! యమునకు చెప్పమని దీపకు చెప్పాను. ఫోటో కూడా పంపిందట.

సెప్టెంబర్ 14

పిందెలు దిగాయి. కొన్ని కోడిగుడ్డులా కోలగా ఉన్నాయి. పిందె కదా. ముదిరితే చదునవుతుంది.

సెప్టెంబర్ 16

ఈ రోజు పెరట్లోకి పోలేదు. మోకాలు నొప్పి.

సెప్టెంబర్ 27

పండ్లు మస్తుగా ఉన్నాయి. దేవుడు చల్లగా చూశాడు, ఒక్క చెట్టు కూడా చావలేదు. ఇంత కాపు ఈదమ్మ చేతిమీద కూడా రాలేదేమో.

ఆకారం కొంచెం తేడాగా ఉంది. రెండో సాలులోవి కోలగా, గట్టిగా, గోటితో గిల్లినా రసం రాదు. కంచె వైపువి గోలీల్లా గుండ్రం. ఒక చెట్టువి గోరంత చిన్నవి, గుత్తులు గుత్తులు. ఒక్క చెట్టుకు మాత్రం పాయలున్నట్టు ఉన్నాయి, సరిగా చూస్తే ఉన్నాయి, ఒక పక్కనుంచి చూస్తే.

బోరు నీళ్ళు మారాయి. అదీ కారణం. కోళ్ళ ఎరువు వేడి చేసి ఉంటుంది. వెంచర్ దుమ్ము పువ్వుల్లో పడితే కాయ వంకర తిరగదా? తిరుగుతుంది. రుచి చూశాను. కొంచెం తియ్యగా ఉంది. నా నోరు బాగాలేదు.

అక్టోబర్ 3

నాలుగు రకాలూ సంచిలో వేసుకుని మేడ్చల్‌లో నర్సరీ నడిపే హేమచంద్ దగ్గరికి పోయాను. నీళ్ళ తప్పా, ఎరువు తప్పా చెప్పమన్నాను. అతను సంచి బల్లమీద కుమ్మరించి చూసి నవ్వాడు.

"కాకా, నీళ్ళదేం లేదు. గిది హైబ్రిడ్ పండుల తీసిన గింజ. ఆ పండు ఒక్కసారికే మంచిగుంటది. దాని గింజ మళ్ల ఏసినవనుకో, ఒక చెట్టుకు తల్లి పోలిక, ఒక చెట్టుకు తాత పోలిక, ఒకదానికి ఎవల పోలికనో. అన్ని ఆగమాగం అస్తయి."

"గిది మా ఈదమ్మ గోడ మీది గింజ! నాటుది! ఆమె తల్లిగారింటిది!"

"నాటు గింజ నాలుగు తీర్లు గాయది కాకా. ఒకటి రెండు చెట్లు తేనెటీగలతోని తప్పుతయి. నలభై చెట్లు తప్పుతయా? ఆ గోడకు ఎవలో బజారు టమాట అంటించిండ్రు."

ఎవరంటిస్తారయ్యా? ఆ గుంటలు ఎవరివి? ఆ వేలు ఎవరిది? అడగాల్సిన మాటలన్నీ బస్సెక్కాక గుర్తొచ్చాయి. టమాటలు అక్కడే వదిలేసి వచ్చాను.

అక్టోబర్ 4

హేమచంద్‌కు ఏమీ తెలియదు. నిన్నగాక మొన్న పుట్టాడు.

అక్టోబర్ 9

రేపు సద్దుల బతుకమ్మ. యమున ఫోను చేసింది. దీపతో పూల సంగతి మాట్లాడి నాకిమ్మంది.

"టమాటలు ఎట్లున్నయి బాపూ?"

"మస్తు గాసినయి బిడ్డా! గుమ్మడి తీరుగ, చూడు, పాయలు పాయలు!"

ఎంత తేలిగ్గా అన్నానో.

"బాపూ, టమాటదేముంది. అయి లేకున్నా గూడ నేను వస్త."

"లేకుండ ఎందుకుంటయి? మీ అమ్మ చేతియి" అని ఫోను దీపకిచ్చేశాను. వెనక నుంచి ఒక చిన్న గొంతు "తాతనా? తాతనా?" అనడం వినపడింది. శృతి. నాలుగేళ్ళు నిండాయి. నేనింకా చూడలేదు.

అక్టోబర్ 29

ఈ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

ఒడిబియ్యం వచ్చే నెల పదో తారీఖు ఆదివారం. నేనొకటి ఆలోచించుకున్నాను. ఎక్కడో ఒకచోట నాటు టమాట దొరక్కపోదు. ముందురోజు తెచ్చుకుని తొక్కు నూరిపించి, పది కాయలు బుట్టలో పెట్టి మన పెరటివే అంటే ఎవరు చూడొచ్చారు? యమున ఒక్క ముద్ద తింటే చాలు. ఏది ఎక్కడిదైతే ఏమిటి?

మేడ్చల్ బస్‌స్టాండ్ పక్కన దుర్గాబాయి గంప దగ్గర కూర్చున్నాను. ముప్పై ఏళ్ళుగా అక్కడే కూరగాయలమ్ముతుంది. ఈదమ్మంటే ప్రాణం ఆమెకు.

"నాటు టమాట దొరుకుతదా దుర్గాబాయి? అడుగు సదునుగ, చుట్టు పాయలుండాలె."

"గుమ్మడి తీరుగనా?"

"ఆ, గవే!"

ఆమె నన్ను చూసి పకపకా నవ్వింది. "మీ ఆలుమొగలు ఒక్క బళ్లెనే సదివిండ్రా అన్నా?"

"ఏమాయె?"

"వదిన పానం బాగలేకముందు, ఆఖరు ఎండాకాలం, గీడనే కూసున్నది. ‘దుర్గా, మెత్తవడ్డ టమాటలు ఓ నాలుగియ్యి, కూరకు గాదు, గోడకు’ అన్నది. గోడకేంది వదినా, సున్నం లెక్క పూస్తవా అన్న. ‘ఇంటి గింజంత బిడ్డకు ఇచ్చిన. గోడ బోసిగుంటే ముసలోడు ఏమాయెనని అడుగుతడు’ అన్నది. నీకెర్క లేదా?"

"ఎర్కనే" అన్నాను. నాకు తెలియదు.

"మరి గిప్పుడు నీకెందుకు నాటుయి?"

చెప్పాను. ఎందుకు చెప్పానో, ఆమె ముఖం చూస్తే అబద్ధం రాలేదు. ఆమె నవ్వాపి, ఒక టమాట తీసి కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

"ఆమె నిన్ను మోసం జేసే, నువ్వు బిడ్డను మోసం జేద్దామని వస్తివి. ఇద్దరికి టమాట మాత్రం నా గంపలకెల్లే పోవాలె!" అంది. తర్వాత మెల్లగా, "ఇయ్యనన్నా. ఉన్నా గూడ నీకియ్య. పోయి బిడ్డకు నిజం జెప్పు" అంది.

అక్టోబర్ 30

పొద్దంతా గోడ ముందు పీట వేసుకుని కూర్చున్నాను. ఒకే ఒక్క బిళ్ళ, నడుమ ఆమె వేలి గుంట.

కోపం రావాలి కదా. రాలేదు. ఆమె ఆ రోజు బూడిద పిసుకుతూ నావైపు ఓరగా చూసి ఉంటుందనుకుంటే నవ్వొచ్చింది. ఎంత జాగ్రత్తగా అదిమింది ఒక్కోదాన్నీ, దొంగ బిళ్ళ అయినా!

ఈ డైరీ ఎవరూ చదవరు. కాబట్టి రాస్తున్నాను. ఈదమ్మ ప్రతి సోమవారం కీసరగుట్టకు పోతున్నానని వెళ్ళేది. సాయంత్రం వచ్చి నా నుదుట విభూతి పెట్టేది. పోతూ పెద్ద సంచి తీసుకెళ్ళేది. అందులో పెరుగు క్యాను, తొక్కు సీసా, ఒకసారి పసిపిల్ల గౌను. శివుడికి గౌనెందుకు? ఒకసారి శామీర్‌పేటలో కీసర బస్సు కాదని యమున ఉండే అలియాబాద్ ఆటో ఎక్కుతుంటే రోడ్డు అవతల నుంచి నేను చూశాను. చూసి, చూడనట్టు ఇంటికి వచ్చాను. సాయంత్రం ఆమె విభూతి పెడితే తలవంచి పెట్టించుకున్నాను.

నాకు తెలుసు. తెలిసినట్టు చెబితే నేను కూడా పోవాల్సి వస్తుందని చెప్పలేదు.

ఈదమ్మ పోయినరోజు గేటు దగ్గర యమునను కూడా చూశాను. చంకలో పిల్ల ఉంది. ఎండలో నిలబడి ఉంది. చూశాను.

మా వాళ్ళెవరూ వద్దనలేదు. మా అన్న అయితే పిలవరా అని నాలుగుసార్లు చెప్పాడు. వద్దన్నది నేను.

నవంబర్ 4

కార్తీక సోమవారం. తలస్నానం చేసి, నేను పండించిన నాలుగు తీర్ల టమాటలూ సంచిలో నింపాను. దీప ఎక్కడికని అడిగింది. "కీసర" అన్నాను. ఆమె సంచిలోకి తొంగిచూసి, నా ముఖం చూసి, బస్సు టైము చెప్పింది.

బస్సు నిండా గుట్టకు పోయేవాళ్ళే. శామీర్‌పేటలో నేనొక్కణ్ణే దిగాను. అలియాబాద్‌లో లారీ మెకానిక్ ధర్మేందర్ ఇల్లేదని అడిగాను. ఆరేళ్ళలో ఆ పేరు నా నోటివెంట రావడం అదే మొదలు. చెప్పినాయన "మీరేమైతరు?" అన్నాడు. "ఆయన మా అల్లుడు" అన్నాను. ఆ మాట అనడానికి అంత పెద్ద కష్టమేమీ కాలేదు! ఎందుకు ఇన్నాళ్ళు మోశానో!

రెండు గదుల ఇల్లు. గోడ వెంబడి ఖాళీ పెయింట్ డబ్బాలు. డబ్బాల్లో టమాట చెట్లు. దగ్గరికి పోయాను. అడుగు చదునుగా, చుట్టూ పాయలు. చిన్న చిన్న గుమ్మడికాయలు ఎర్రగా వేలాడుతున్నాయి. నేను అక్కడే, ఆ డబ్బాల ముందే కూలబడ్డాను.

గౌను వేసుకున్న పిల్ల ఒకతి వచ్చి నడుముమీద చేతులు పెట్టుకుంది. "టమాటలు తెంపొద్దు! ఎవరు గావాలె?"

"నువ్వే గావాలె" అన్నాను.

"అమ్మా! ఎవరో ముసలాయన టమాటల కాడ ఏడుస్తుండు!"

యమున పిండి చేతులతో వచ్చింది. వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "తిన్నవా బిడ్డా?" అన్నాను.

"ఇంకా లే బాపూ. లోపలికి రా. ఇద్దరం తిందాం."

లేచి గడప దాటాను. అంతే. ఒక్క అడుగు.

సంచి ఆమె ముందు గుమ్మరించాను. "అబద్ధం జెప్పిన బిడ్డా. గిట్ల గాసినయి. మీ అమ్మయి గావు" అన్నాను.

ఆమె ఒక కోల టమాటను చేతిలో తిప్పుతూ కళ్ళు తుడుచుకుంది, నవ్వింది కూడా. ముఖమంతా పిండి. "నాకెర్కనే బాపూ. గోడ మీదియి ఏస్తనని నువ్వు అంత సంబురంగ అంటుంటే నవ్వాల్నా ఏడ్వాల్నా తెల్వలే."

"మరి చెప్పకపోతివి? రెండు గింజలన్నా పంపకపోతివి?"

"అమ్మ ఒట్టు వెట్టించుకున్నది" అంది. బియ్యం డబ్బా తెరిచి, అడుగునుంచి గుడ్డమూట తీసింది. "‘మీ బాపు పిలిపిస్తే పో, పోకుండ ఉండకు. గని గింజలు మాత్రం తీస్కపోకు. తనంతట తాను నీ గడప తొక్కిననాడు చేతుల వెట్టు’ అన్నది."

మూటలో ఒకటే బూడిద బిళ్ళ. నడుమ చిన్న గుంట.

ఈదమ్మా! ఎంత గడుసుదానివే! నా విత్తనాన్ని నేను రాని ఇంట్లో దాచి, రాగలిగితే రా అని కూర్చున్నావా?

మధ్యాహ్నం ధర్మేందర్ వచ్చాడు. చేతులకు గ్రీజు, ఎక్కడ తుడుచుకోవాలో తెలియక నిలబడ్డాడు. నేనే ఆ చేతులు పట్టుకున్నాను. ఈ పేజీకి అంటిన నల్లమరక అదే.

నవంబర్ 10

ఒడిబియ్యం పోశాం. సాయినాథ్, దీప కలిసి యమునను, ధర్మేందర్‌ను పీటలమీద కూర్చోబెట్టి పోశారు. నేను పక్కన నిలబడి, పసుపు బియ్యం ఒళ్ళో పడుతుంటే చూశాను. శృతి తన గౌను పట్టి నాకూ పొయ్యండంటే దీప ఒక గుప్పెడు పోసింది.

తొక్కుకు యమున డబ్బాల టమాటలు చాలలేదు. నా పెరటివి కూడా కలిపి నూరారు. ధర్మేందర్ మూడుసార్లు వేయించుకున్నాడు. "మామా, గిండ్ల అత్తమ్మ టమాట ఎంత, నీ టమాట ఎంత?" అన్నాడు.

"పులుపంత మీ అత్తది" అన్నాను. అందరూ నవ్వారు. యమున నవ్వుతూ నవ్వుతూ లేచి వెనక గోడ దగ్గరికి పోయింది. నేను వెంట పోలేదు. కొంచెంసేపు తల్లీ బిడ్డా ఉండనీ అనుకున్నాను.

నవంబర్ 18

సోమవారం. కీసరకు పోతున్నానని చెప్పాను.

దీప సంచి తెచ్చి చేతికిచ్చింది. "పైలం మామా" అంది. "దేవుని పెరుగు ఒలకనియ్యకు."